చక్రం పెద్దదైతే.. చిక్కూ పెద్దదే!

* బండి ఎత్తకుండా లావు టైర్లు ఎక్కించాలంటే కొలతే ప్రాణం
* అంగుళం అత్యాశకు పోతే బ్రేకు గొట్టానికే ఎసరు
* మిట్టపల్లాల దారుల్లో జీపు యజమానులు తెలుసుకోవాల్సిన లెక్కలు

మిట్టేమరి (బాగేపల్లి):

వాన నిలిచి రెండు దినాలు. తోట దారిలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా జానెడు లోతు గాడులు పడ్డాయి. నడుమ మట్టి మిట్టగా లేచింది. ట్రాక్టరుకు అదో లెక్క కాదు. దాని వెనకాల వచ్చే జీపుకే కష్టం. చక్రాలు గాడిలోకి దిగుతాయి. కడుపు నడిమిట్టకు ఆనుకుంటుంది. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి.. బండి మాత్రం జరగదు. టమోటా బాక్సులు దించాలి. నలుగురు తోయాలి. ఆ లోపల చింతామణి మార్కెట్టు వేళ కాస్తా దాటిపోతుంది.

పేరులోనే మిట్టను మోస్తున్న మిట్టేమరి హోబళిలో ఇట్లాంటి దారి తెలియని రైతు ఉండడు. ఊరు దాటితే గుండ్లు, గుట్టలు, చెరువు కట్టలు, వంకలు. రాగి చేలకు, వేరుశనగ పొలాలకు, మల్బరీ తోటలకు పోయే బాటలన్నీ మట్టివే. అందుకే జీపో, బొలెరోనో, థారో ఉన్న ప్రతి ఇంట్లో ఏదో ఒకనాడు ఈ మాట లేస్తుంది. ‘ఏమన్నా.. బండిని పైకి లేపే కిట్టుకు అంత దుడ్లు పెట్టేదెందుకు? ఉన్నదానికే పెద్ద టైర్లు ఎక్కిస్తే సరిపోదా?’ అని.

సరిపోతుందా? కొంతమేర సరిపోతుంది. అయితే ఎంతమేర అన్నదే అసలు ప్రశ్న. కొలత తెలిసి చేసినవాడికి దారి సుఖం. తెలియక చేసినవాడికి మడ్‌గార్డు చిరుగుతుంది. గేరు బరువెక్కుతుంది. రోడ్డు మీద ఆపితే జరిమానా. ఖర్మ కాలితే మలుపులో బ్రేకే అందదు.

ఎత్తు పెరిగేది సగమే

బండిని ఎత్తు చేసేందుకు రెండు మార్గాలు. ఒకటి లిఫ్టు. కమాను పట్టీలో, స్ప్రింగులో మార్చి చాసీని పైకి లేపడం. రెండోది పెద్ద టైరు. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు.

లిఫ్టు వేస్తే లేచేది చాసీ, దాని మీద బాడీ మాత్రమే. చక్రాలను కలిపే గట్టి ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దాని నడుమ గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్ ఒక్క అంగుళం కూడా పైకి రాదు. నడిమిట్ట మీద రాయి ముందుగా తగిలేది దానికే. ఇరుసును పైకి లేపగలిగేది టైరొక్కటే. అందుకే రాళ్ల దారిలో టైరుకు అంత విలువ.

ఇక్కడే చిన్న మెలిక. టైరు వ్యాసం ఎంత పెరిగిందో అందులో సగమే బండికి ఎత్తుగా దక్కుతుంది. మిగతా సగం ఇరుసుకు పైన, మడ్‌గార్డు వైపు పెరుగుతుంది. అంటే కింద ఒక అంగుళం లాభం కావాలంటే పైన ఒక అంగుళం జాగా వదులుకోవాలి. లిఫ్టు లేని బండిలో ఆ జాగాయే కరవు.

టైరు మీది అంకెలు చదవాలి

పంచరు అంగడికి పోయి ‘ఇంతకంటే పెద్దది వెయ్యప్పా’ అనే ముందు టైరు పక్క గోడ మీద రాసిన అంకెలు చదవడం నేర్చుకోవాలి. బొలెరోకు కంపెనీ ఇచ్చే సైజు 215/75 ఆర్ 15. ఇందులో 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 75 శాతం అని. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

లెక్క కష్టమేమీ కాదు. 215లో 75 శాతం 161 మిల్లీమీటర్లు. గోడ పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు చేస్తే 322. దానికి 15 అంగుళాల రిమ్ము.. అంటే 381 మిల్లీమీటర్లు కలపాలి. మొత్తం 703 మిల్లీమీటర్ల చిల్లర.

దాని స్థానంలో 235/75 ఆర్ 15 ఎక్కిస్తే వ్యాసం 733 దాటుతుంది. తేడా 30 మిల్లీమీటర్లు. బండి లేచేది 15 మిల్లీమీటర్లు.. ఒకటిన్నర సెంటీమీటరు. వెడల్పు 20 పెరుగుతుంది. లోపలికి 10, బయటికి 10. మొత్తం మీద టైరు 4.3 శాతం పెద్దదైనట్టు.

మోజు పెరిగి 31 అంగుళాల టైరు.. అంటే 31×10.5 ఆర్ 15 అడిగితే కథ మారిపోతుంది. దాని వ్యాసం 787 మిల్లీమీటర్లు. పాతదానికంటే 84 ఎక్కువ. బండి లేచేది 42 మిల్లీమీటర్లు. పెరుగుదల సుమారు 12 శాతం. పైగా ఈ టైరు కూర్చునేందుకు 7 నుంచి 9 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. 6 అంగుళాల రిమ్ము మీద బలవంతంగా ఎక్కిస్తే టైరు నడుమ ఉబ్బుతుంది. అంచులు రోడ్డును సరిగా పట్టవు.

పాత జీపుల సంగతి వేరు. వాటి టైరు 6.00-16. సన్నగా, ఎత్తుగా ఉండే టైరు. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టిన కాలం నుంచి పల్లెల్లో కనిపించిన చక్రం అదే. చూడ్డానికి బక్కగా ఉన్నా బురదను కోసుకుంటూ కింది గట్టి నేలను పట్టుకునేది. టైరు లావుంటేనే పట్టు ఉంటుందన్న మాట అన్ని దారుల్లో నిజం కాదనేందుకు ఆ జీపులే సాక్ష్యం.

రాసుకునేది ఎక్కడెక్కడ?

పెద్ద టైరు ఎక్కించగానే బండి నిలబడి ఉంటే అంతా బాగానే కనిపిస్తుంది. స్టీరింగు తిప్పితేనే అసలు రంగు బయటపడుతుంది. ముందు చక్రాలు పూర్తిగా ఒక పక్కకు తిరిగినప్పుడు టైరు వెనక అంచు లోపలి వైపు చాసీకో, కమాను పట్టీకో తగులుతుంది. ముందు అంచు బంపరు మూలను గీస్తుంది. మడ్‌గార్డు వెనక భాగం, ఫుట్‌బోర్డు మొదలయ్యే మూల.. ఇవి మరో రెండు చోట్లు.

గుంతలో పడినప్పుడు చక్రం పైకి లేస్తుంది. అప్పుడు టైరు నెత్తి మడ్‌గార్డు లోపలి రేకును తాకుతుంది. ఒక పక్క చక్రం గుండు మీదికెక్కి, అదే సమయంలో స్టీరింగు పూర్తిగా తిరిగి ఉంటే రెండు కష్టాలూ కలిసి వస్తాయి. తోట దారిలో జరిగేది సరిగ్గా ఇదే.

రేకుకు రాసుకుంటే శబ్దం వస్తుంది, తెలిసిపోతుంది. శబ్దం రాకుండా రాసుకునేది ఒకటుంది. చక్రం లోపలి వైపు వేలాడే బ్రేకు ఆయిలు రబ్బరు గొట్టం. మలుపు తిప్పిన ప్రతిసారీ టైరు దాన్ని కాస్త కాస్త గీకుతుంది. నెలో, రెండు నెలలో ఏమీ కాదు. ఒకరోజు గుట్ట దిగుతూ పెడలు తొక్కితే కాలు నేరుగా కిందికి పోతుంది. కొత్త బండ్లలో ఏబీఎస్ సెన్సరు తీగ కూడా అక్కడే ఉంటుంది. అందుకే టైరు మార్చినప్పుడు ముందు చూడాల్సింది మడ్‌గార్డు కాదు.. ఈ గొట్టం.

ఎత్తకుండా ఎక్కించే దారులు

లిఫ్టు లేకుండా జాగా సంపాదించేందుకు గ్యారేజీల్లో నాలుగైదు పద్ధతులున్నాయి. ప్రతిదానికీ ఫలితముంది.. ప్రతిదానికీ మూల్యముంది.

మొదటిది, అన్నిటికంటే మేలైనది.. లావు కాకుండా ఎత్తు ఎంచుకోవడం. వ్యాసం కాస్త పెరిగి, వెడల్పు పెరగని టైరు లోపల చాసీకి తగలదు. బయట మడ్‌గార్డు దాటదు. స్టీరింగూ పెద్దగా బరువెక్కదు. పాత జీపు టైరు చెప్పే పాఠం ఇదే.

రెండోది స్టీరింగు తిరుగుడును తగ్గించడం. చాలా జీపుల్లో ముందు ఇరుసు దగ్గర స్టీరింగును ఆపే స్టాపర్ బోల్టు ఉంటుంది. దాన్ని కాస్త బయటికి తిప్పితే చక్రం అంతవరకే తిరిగి ఆగుతుంది. టైరు లోపల తగలదు. పైసా ఖర్చు లేదు. కానీ బండి తిరిగేందుకు ఎక్కువ చోటు కావాలి. ఒక్క తిప్పులో తిరిగే ఊరి సందు మలుపులో ఇకపై వెనక్కి ముందుకు రెండు మూడుసార్లు ఆడించాలి. రెండు పక్కలా సమానంగా తిప్పకపోతే బండి ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ తిరుగుతుంది.

మూడోది చక్రాన్ని బయటికి జరపడం. ఇందుకు ఆఫ్‌సెట్ తక్కువున్న రిమ్ములు వేస్తారు. లేదా హబ్బుకు, రిమ్ముకు నడుమ స్పేసరు దిమ్మ పెడతారు. 25 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే చక్రం అంతే బయటికి పోతుంది. లోపల చాసీ రాపిడి తగ్గుతుంది. కానీ తిరిగేటప్పుడు టైరు పెద్ద వలయం గీస్తుంది. ఇంతకుముందు తగలని బంపరు మూల ఇప్పుడు తగులుతుంది. హబ్బు బేరింగుల మీద బరువు పెరుగుతుంది. గుంతల్లో స్టీరింగు చేతిని లాగుతుంది. హబ్బుకు సరిగ్గా కూర్చోని నాసిరకం స్పేసరైతే నట్లు వదులై చక్రమే ఊడే ప్రమాదముంది. టైరు మడ్‌గార్డు దాటి బయటికొస్తే రాళ్లు, బురద వెనకొచ్చే బైకు మీద పడతాయి.

నాలుగోది కోత. బంపరు ప్లాస్టిక్ మూల, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగు కత్తిరించడం సులువే. రేకు కోయాల్సి వస్తే మాత్రం ఆలోచించాలి. కోసిన అంచును మడిచి, ప్రైమరు, పెయింటు వేయకపోతే ఒక్క వానాకాలంలో తుప్పు పడుతుంది. రేకు వెనక హెడ్‌లైటు తీగలు, అద్దం కడిగే నీళ్ల డబ్బా ఉంటాయి. గ్యాస్ కట్టరు పెట్టడం మంచిది కాదు. బ్యాటరీ తీగ విప్పి, చేతి గ్రైండరుతో కొద్దికొద్దిగా తీయాలి. చాసీని, బాడీ అతుకులను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడదు.

అయిదోది ఇరుసు పైకి లేచే హద్దును తగ్గించే బంప్ స్టాపర్ రబ్బరు. దాన్ని కాస్త పొడవైనది వేస్తే టైరు రేకును తాకేలోపే ఇరుసు ఆగిపోతుంది. రేకు బతుకుతుంది. నడుము మాత్రం బతకదు. గుంతలో దెబ్బ నేరుగా సీటుకొస్తుంది.

ఇక కొందరు ‘లిఫ్టు వెయ్యలేదన్నా, పట్టీలకు సెట్టింగు చేయించినామంతే’ అంటుంటారు. కమాను పట్టీలను కొట్టి వంపు పెంచినా, 2010 థార్ వంటి బండ్లలో ముందు టార్షన్ బార్‌ను బిగించినా అదీ లిఫ్టే. పేరు మారినంత మాత్రాన ఫలితం మారదు. షాకబ్జార్లు చివరిదాకా సాగిపోతాయి. బ్రేకు గొట్టం చాలదు. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్లు అరుగుతాయి.

సున్నంతో పరీక్ష

అయిదు టైర్లూ ఒకేసారి కొనేయడం తొందరపాటు. ముందు ఒక్కటి తెచ్చి ముందు చక్రానికి బిగించి చూడాలి. తెలిసిన టైరు అంగడైతే ఇందుకు ఒప్పుకుంటుంది. టైరు భుజాలకు, లోపలి అంచుకు తడి సున్నం పూయాలి. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. ముందుకు పోతూ ఒకసారి, వెనక్కి వస్తూ ఒకసారి. తర్వాత ఆ చక్రాన్ని అడుగు ఎత్తున్న గట్టి దిమ్మె మీదికి ఎక్కించి మళ్లీ తిప్పాలి. బండిలో మామూలుగా వేసే బరువు వేసి, మనుషులను కూర్చోబెట్టి ఇంకోసారి చూడాలి. సున్నం ఎక్కడ అంటిందో అక్కడ టైరు తగులుతున్నట్టు.

అంటకపోయినా సరే.. బ్రేకు గొట్టానికి, టైరుకు నడుమ రెండు వేళ్లు సులువుగా పట్టేంత సందు ఉండాలి. బండి నడిచేటప్పుడు టైరు కాస్త ఉబ్బుతుంది. బురద అంటితే ఇంకా లావవుతుంది. నిలబడి ఉన్నప్పటి సందు పరుగులో ఉండదు.

చక్రాలు బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ బిగించాలి. ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా ఉన్నవి బిగించడం పద్ధతి. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు తప్పనిసరి.

మీటరు ఒకటి చెబుతుంది.. బండి ఒకటి నడుస్తుంది

టైరు పెద్దదైతే ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. స్పీడు మీటరు మాత్రం చుట్లనే లెక్కబెడుతుంది. 235/75 టైరుతో మీటరు 80 చూపిస్తే అసలు వేగం 83 దాటి ఉంటుంది. 31 అంగుళాల టైరైతే దాదాపు 90. హైవే మీద బాగేపల్లి నుంచి కొడికొండ చెక్‌పోస్టు వైపు పోతూ ‘80లోనే ఉన్నాను కదా’ అనుకునేవాడు నిజానికి 90లో పోతుంటాడు. కిలోమీటర్ల లెక్కా తగ్గుతుంది. మీటరు 10 వేలు చూపేసరికి బండి 11 వేలు దాటి ఉంటుంది. ఆయిలు మార్చే వేళ ఆలస్యమవుతుంది.

లాగే బలమూ తగ్గుతుంది. ఇంజిను అదే, గేర్లు అవే. చక్రం మాత్రం పెద్దది. 12 శాతం పెద్ద టైరుతో నేల మీద పడే లాగుడు సుమారు 10 శాతం తగ్గుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు ఇంతకుముందు రెండో గేరులో పోయిన చోట మొదటి గేరు వేయాలి. క్లచ్చు అరుగుతుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది. బ్రేకుకూ అదే బాధ. బరువైన చక్రాన్ని ఆపేందుకు ఎక్కువ బలం కావాలి. అయిదు అడుగుల ముందు ఆగాల్సిన బండి ఆ అయిదు అడుగులూ దాటిపోతే ఎదురుగా ఎవరుంటారో చెప్పలేం.

ఫోర్‌వీల్ బండి అయితే మరో జాగ్రత్త. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. ముందు పెద్దవి, వెనక చిన్నవి వేసి ఫోర్‌వీల్ వేస్తే గేర్‌బాక్సులో ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పళ్లు విరుగుతాయి. స్టెప్నీ కూడా అదే సైజు కావాలి. పాత చిన్న స్టెప్నీని ఉంచుకుంటే అడవి దారిలో పంచరైన రోజు అది పనికిరాదు.

చట్టం సరిహద్దుకు రెండు పక్కలా ఒకటే

బండి కేఏ-40ది కావచ్చు, ఆంధ్రా నంబరుది కావచ్చు. మోటారు వాహనాల చట్టం 1988 రెండు పక్కలా ఒకటే. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరి 9న జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం కేరళ నుంచి వచ్చిన కేసులో దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. 2022లో శ్రీనగర్‌లో మార్పులు చేసిన థార్ యజమానికి కోర్టు ఆరు నెలల శిక్ష వేసి, మంచి నడవడికపై పూచీకత్తు తీసుకుని వదిలింది.

సరుకు రవాణా బండ్లకు ఇంకాస్త జాగ్రత్త అవసరం. వాటి రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఏ ఇరుసుకు ఏ సైజు టైరో కూడా నమోదవుతుంది. ఎఫ్‌సీకి పోయినప్పుడు తేడా కనిపిస్తే బండి వెనక్కి రావాల్సిందే. మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకుండా దాచితే ప్రమాదం జరిగిన రోజు క్లెయిము దగ్గర పేచీ మొదలవుతుంది.

క్షేమమైన దారి లేకపోలేదు. అదే మోడల్‌కు కంపెనీయే రెండు సైజులు ఇచ్చి ఉంటే ఒకదాని నుంచి మరోదానికి మారడం. 2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్‌కు 245/75 ఆర్ 16, 255/65 ఆర్ 18 అని రెండు సైజులున్నాయి. వ్యాసంలో రెంటికీ తేడా ఒకటిన్నర సెంటీమీటరే. బండితో వచ్చిన పుస్తకం, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూస్తే ఏ సైజులు సరిపోతాయో తెలుస్తుంది.

ఇతర దేశాలు కూడా దీనికి హద్దు గీశాయి. జీపుల మోజు ఎక్కువున్న ఆస్ట్రేలియాలో మార్పుల నియమావళి ప్రకారం ఆఫ్‌రోడ్ బండికి టైరు వ్యాసం 50 మిల్లీమీటర్లకు మించి పెంచకూడదు. మామూలు కార్లకైతే 15 మిల్లీమీటర్లే. ఐస్‌లాండ్‌లో మంచు మీద తిరిగేందుకు 38, 44 అంగుళాల టైర్లు వేస్తారు. అయితే అక్కడ మడ్‌గార్డులు కోసి, గేర్లు మార్చి, బండినంతా తిరగరాస్తారు. టైరొక్కటే మార్చి వదిలేయరు.

నీళ్లకు టైరు లెక్క లేదు

పెద్ద టైరు తెచ్చే అతి పెద్ద ప్రమాదం యంత్రంలో ఉండదు.. నడిపేవాడి ధైర్యంలో ఉంటుంది. ‘మన బండి ఎత్తుంది, పోదాం పద’ అని పారే వంకలోకి దించడం.

నంది కొండల దగ్గర పుట్టి బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి పోయే చిత్రావతి ఈ పాఠం నేర్పింది. 2021 నవంబరు 19న అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర వరదలో కారు చిక్కుకుంది. అందులోని వాళ్లను కాపాడేందుకు జేసీబీ దిగింది. అదీ చిక్కుకుపోయింది. పెద్ద చక్రాలున్న యంత్రం అది. చివరకు వాయుసేన హెలికాప్టర్ వచ్చి పదిమందిని పైకి లాగింది.

పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును కదిలిస్తుంది. రెండడుగులుంటే జీపులాంటి బండ్లను కూడా తోసుకుపోతుంది. టైరు పెద్దదైతే అందులో గాలి కూడా ఎక్కువే. అది నీళ్లలో బండిని బరువుగా నిలపదు, తేలిక చేస్తుంది. వంక పారుతుంటే ఆగడమే తెలివి.. టైరు ఏదైనా సరే.

ఖర్చు తక్కువ.. ఫలం ఎక్కువ

నడిమిట్ట మీద కడుపు ఆనుకునే బండికి ఒకటిన్నర సెంటీమీటరు ఎంత మేలు చేస్తుంది? కొంచెమే. గాడిలో కాకుండా ఒక పక్క చక్రాలను మిట్ట మీద, మరో పక్క చక్రాలను గట్టు మీద వేసుకుని పోయే డ్రైవరుకు అంతకంటే ఎక్కువ ఎత్తు దక్కుతుంది. అదీ దుడ్లు పెట్టకుండా.

బురదలో జారడమే కష్టమైతే సైజు మార్చాల్సిన పనే లేదు. అదే సైజులో అన్ని దారులకూ పనికొచ్చే ఏటీ రకం టైర్లు దొరుకుతాయి. వాటి గాళ్లు లోతుగా ఉంటాయి. పక్క గోడ గట్టిది. పూర్తి బురదకైతే ఎంటీ రకం ఉంది గానీ తారు రోడ్డు మీద హోరెత్తుతుంది, తడి రోడ్డులో జారుతుంది. రోజూ బాగేపల్లికి, చింతామణికి తిరిగే బండికి అది తగదు.

ఇంకోటి గాలి. ఇసుకలోకి, మెత్తటి మట్టిలోకి దిగేముందు 30 ఉన్న గాలిని 20కి తగ్గిస్తే టైరు పరుచుకుని నేలను పట్టుకుంటుంది. అప్పుడు నిదానంగా పోవాలి, నిండా బరువు వేయకూడదు. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపాలి. మరిచిపోతే టైరు వేడెక్కి పగులుతుంది. చేతి పంపో, బ్యాటరీతో నడిచే చిన్న పంపో బండిలో ఉంటే చాలు.

ఎక్కించే ముందు ఇవి చూసుకోవాలి

* కొత్త టైరు వ్యాసం పాతదానికంటే 3 శాతం లోపు పెరిగితే సాధారణంగా పెద్ద తేడా రాదు. 5 శాతం దాటితే లిఫ్టు లేకుండా తలనొప్పే.
* లోడ్ ఇండెక్స్ తగ్గకూడదు. టైరు మీద 100 అని ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుందని అర్థం.
* గోడ మీది నాలుగంకెల తేదీ చూడాలి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని.
* ఐఎస్ఐ గుర్తు ఉండాలి. సెకండ్ హ్యాండు పెద్ద టైరు చవగ్గా వచ్చిందని తీసుకోకూడదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు రోడ్డుకు పనికిరాదు.
* బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ, స్టీరింగు రాడ్లు.. మూడింటికీ టైరు దూరంగా ఉందో లేదో పూర్తి తిప్పులో చూడాలి.
* పాత టైర్లు, రిమ్ములు వెంటనే అమ్మేయకూడదు. ఎఫ్‌సీకి, బీమాకు, మనసు మారితే తిరిగి బిగించేందుకు అవే దిక్కు.

టైరు తెలుగు నేలకు కొత్త సరుకు కాదు. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, తిరుపతి జిల్లా చిన్నపాండూరులో 2020లో మొదలైన అపోలో, అచ్యుతాపురంలో 2022లో తెరుచుకున్న యోకోహామా.. మూడు పెద్ద కార్ఖానాలున్నాయి. టైరు దొరకడం కష్టం కాదు. తన బండికి ఏది సరిపోతుందో తెలుసుకోవడమే కష్టం. ఆ పని కార్ఖానా చేయలేదు, అంగడివాడూ చేయలేడు. టేపు పట్టుకుని, సున్నం పూసుకుని, బండి కింద వంగి చూసే యజమానే చేయాలి.

తోటలో టమోటా కోత అయ్యాక బాక్సులు ఎక్కించుకుని తెల్లారేలోపు మార్కెట్టు చేరడమే బండి పని. ఫొటోలో లావు చక్రాలతో నిలబడటం కాదు. పోయిన బండి సాయంత్రానికి ఇల్లు చేరితే.. అదే సరైన సైజు.